చేతి విద్యకు బోణీ



విద్య నేర్వడం ఒక ఎత్తు, నేర్చిన విద్యమీద బతకడం మరొక ఎత్తు. బొమ్మలు వేయడంలోనో, రవికలమీద మగ్గం పని కుట్టడంలోనో, అందంగా అక్షరాలు దిద్దడంలోనో, కొయ్య చెక్కడంలోనో కొన్నేళ్లు శ్రమపడి, గురువు చేత సెబాసనిపించుకుని, ఇంటి గుమ్మానికి చిన్న బోర్డు కట్టుకున్న పిదప, ఆ బోర్డు చదివి మెచ్చుకునేవారే గాని మెట్టెక్కి వచ్చి పని అప్పజెప్పేవారు కనబడక, మొదటి నెల గడిచి రెండవ నెల అద్దె కట్టవలసిన రోజు దగ్గరపడుతూ ఉంటే, ఆ మనిషికి కలిగే దిగులు ఎట్టిదో పడినవారికే తెలుస్తుంది. ఆ దిగులు తీరే దారి ఒకటి ఉంది. ఈ పూట దానిని గురించి మీకు మనవి చేస్తాను.

కొత్తగా పని మొదలుపెట్టినవారు సాధారణంగా వేసుకునే ప్రశ్న ఒకటి ఉంది. ఊళ్లో ఇంతమంది ఉన్నారే, వీరందరికీ నా సంగతి తెలిసేదెట్లు? అనేది ఆ ప్రశ్న. అది చెడ్డ ప్రశ్న కాదు. అయితే దాని కాలం ఇంకా రాలేదు. మొదటినాడు వేసుకోవలసిన ప్రశ్న ఇంతకంటె చిన్నది. నా పని లేక ఎవరి పని ఆగిపోతున్నది? మరొకసారి చెబుతాను, మనసున పెట్టుకోండి. నా పని లేక ఎవరి పని ఆగిపోతున్నది? ఆ మనిషిని వెతికి పట్టుకోండి. మీకు బోణీ చేయగలవాడు అతడే.

ఈ మాట నా ఊహలోంచి పుట్టినది కాదు. మన పూర్వులు ఏ శాస్త్రమూ చదవకుండానే దీనిని ఆచరించారు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలో చేర్యాల అనే ఊరు ఉంది. అక్కడి నకాషీ చిత్రకారులు వేసే పటాలను మీలో చాలామంది చూచే ఉంటారు. ఎర్రని నేలమీద దేవతలు, రాజులు, పల్లెజనం, పశువులు, తాటిచెట్లు ముచ్చటగా నిలిచే బొమ్మలు అవి. ఈనాడు మనం గోడకు తగిలించుకునే చేర్యాల బొమ్మ సాధారణంగా ఒక దృశ్యం మాత్రమే. పూర్వం పటం అంటే మూడడుగుల వెడల్పున, 40, 50 అడుగుల పొడవున చుట్టగా చుట్టిన నూలుగుడ్డ. ఆ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజలు నూరి ఉడికించిన జిగురు, చెట్టు బంక కలిపి పూతమీద పూత పూసి, ఎండబెట్టి, నునుపు తేలిన తరువాతనే కుంచె పట్టేవారు. ఒక్కొక్క పటం ఒక్కొక్క కులపురాణం.

ఇంత పెద్ద పటాన్ని, ఇంత శ్రమపడి, ఆ చిత్రకారుడు ఎవరి కోసం వేశాడు? గోడ అలంకరించుకోదలచిన ధనికుడి కోసం కాదు. కథ చెప్పేవాడి కోసం వేశాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, గౌడులకు కథ చెప్పే గౌడజెట్టీలు, గొల్లలకు చెప్పే మందహెచ్చులవారు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, ఇట్లా ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథకుల కుటుంబం ఉండేది. వారికి తాతల నాటి నుంచి తమవైన ఊళ్లు ఉండేవి. ఆ ఊరి నడుమ పటం కట్టి, ఒక్కొక్క బొమ్మ విప్పుతూ, కర్రతో చూపుతూ, పాడుతూ, మాట చెబుతూ రాత్రుల తరబడి కథ నడిపేవారు. పటం లేనిదే కథ లేదు. కథ లేనిదే కథకుడికి గింజలు రాలవు.

చూశారా, చిత్రకారుడు ఊరూరా తిరిగి కొనేవారిని వెతుక్కోనక్కరలేదు. అతని పని లేకపోతే తన జీవిక ఆగిపోయే మనిషి, తనంతట తానే చేర్యాలకు నడిచి వచ్చి, కథ వినిపించి, పటం వేయమని చెప్పి వెళ్లేవాడు. మరొక విశేషం కూడా ఉంది. చిత్రకారుడు ఇంటివద్ద కూర్చుని ఉండగానే, అతని బొమ్మను కథకుడు ఊరూరా విప్పి చూపేవాడు. ఒక్క గిరాకీ కుదిరితే ఆ పని వెయ్యి కళ్లయెదుట పడేది.

కాలం మారింది. సినిమా వచ్చింది, పిమ్మట టెలివిజన్ వచ్చింది. రాత్రంతా కూర్చుని పటం కథ వినేవారు తగ్గారు. కథకుడికి కొత్త పటంతో పని లేకపోయింది. అప్పుడు చేర్యాల చిత్రకారులకు మళ్లీ మొదటినాటి అవస్థే వచ్చింది. విద్య చేతిలో ఉంది, అడిగేవాడు లేడు. వారు ఏం చేశారు? కొత్తగా కొనవచ్చిన మనిషిని చూశారు. అతనికి పాడవలసిన కథ లేదు, చూపవలసిన ఊరు లేదు. అతనికున్నది ఇంట్లో ఒక గోడ, ఎవరికైనా బహూకరించవలసిన ఒక సందర్భం. అటువంటివారికి అమ్మే హస్తకళల దుకాణాలకు సరుకు కావాలి. అందుచేత యాభై అడుగుల కథలోంచి ఒక్క ఘట్టాన్ని తీసి గోడకు సరిపడేటట్లు వేశారు, ముఖానికి పెట్టుకునే బొమ్మలు చేశారు. లేపాక్షి, గోల్కొండ హస్తకళల దుకాణాలలో చేర్యాల బొమ్మ నిలబడింది. భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. విద్య అదే, రంగు అదే, చేయి అదే. ఎవరి పని ఆగింది అన్న ప్రశ్నకు సమాధానం మారినందున కొలత మారింది. నా దృష్టిలో ఇది కళ తల వంచడం కాదు, కళ బతకడం.

ఇక్కడ ఆకాశవాణికి సంబంధించిన ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగుదేశమంతా రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకున్నది. వారు 1945లో 'బాల' అనే పిల్లల పత్రిక పెట్టారు. రచయిత ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ ఆ పత్రికలో అచ్చయింది. చిత్రకారుడు బాపు చిన్ననాటి బొమ్మలకు చోటిచ్చిందీ ఆ పత్రికే. నెల తిరిగేసరికి పేజీలు నిండవలసిన పత్రికకు కథా కావాలి, బొమ్మా కావాలి. చేయి తిరుగుతున్న పిల్లలకు అచ్చులో చూసుకోవడం కావాలి. ఇద్దరి అవసరం ఒకచోట కలిసింది.

సరే, పెద్దల ముచ్చట అట్లా ఉంచి, మన వీధిలోకి వద్దాం. ఈనాడు మన పట్టణాలలో మగ్గం వర్కు అనే బోర్డు లేని వీధి అరుదు. తెనాలిలో ఒక అమ్మాయి ఆ విద్య నేర్చుకున్నదనుకుందాం. చట్రానికి గుడ్డ బిగించి, ముక్కు వంగిన సూదిని పైనుంచి దింపి, గుడ్డ అడుగున ఎడమచేతి వేళ్ల మధ్య పట్టిన దారాన్ని పైకి లాగి, గొలుసు కుట్టు తీరుగా కుట్టగలదు. జరీ, జర్దోసి, పూసలు, కుందన్లు, అద్దాలు, అన్నిటిమీదా చేయి ఆడుతుంది. తాను కుట్టినవి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టింది. చూసినవారందరూ బాగుందన్నారు. ఒక్కరైనా గుడ్డ తెచ్చి ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదు? ఆ అమ్మాయి మీద కోపం ఉండి కాదు. పెళ్లి చీర కొన్న తల్లి స్థానంలో నిలబడి ఆలోచించండి. పట్టుచీరతో పాటు వచ్చే రవికగుడ్డ ఒక్కటే. అది పాడైతే అదే రంగు, అదే అంచు మళ్లీ దొరకడం కష్టం. ముహూర్తం ముందుంది. ఇట్టి స్థితిలో చేయి ఎట్టిదో తెలియని మనిషికి ఆ గుడ్డ ఇవ్వడానికి ఏ తల్లికైనా ధైర్యం చాలదు. ఫోటో ఎంత బాగున్నా ఆ ధైర్యాన్ని ఇవ్వలేదు. ఆ తల్లి ఒక్కరి మాట నమ్ముతుంది. ఎన్నో ఏళ్లుగా తమ ఇంటి రవికలు కుడుతున్న దర్జీ మాట నమ్ముతుంది.

కావున ఆ అమ్మాయి వెతకవలసినది పెళ్లికూతుళ్లను కాదు, దర్జీలను. ఈ సంగతి మళ్లీ చెబుతాను. పెళ్లికూతుళ్లను కాదు, దర్జీలను. ఎందుకంటే మగ్గం పనికి వెళ్లే గుడ్డ ముందు దర్జీ చేతిలోంచే వెళుతుంది. మెడ ఎంత, చేతులు ఎంత, వీపు ఎంత అని కొలిచి సుద్దతో గీత గీసి ఇచ్చేది దర్జీ. కుట్టుపని పూర్తయి చట్రం నుంచి దిగిన గుడ్డను కత్తిరించి రవికగా కుట్టేదీ దర్జీ. పెళ్లిళ్ల కాలంలో ఆ దర్జీ అక్క దుకాణంలో గుడ్డల మూటలు పేరుకుపోతాయి. వర్కు చేసేవారు చాలరు. ఉన్నవారు చెప్పిన రోజుకు ఇవ్వరు. చివరకు మాట పడేది ఆమె. చూశారా, ఇక్కడ ఒక మనిషి పని ఆగిపోతున్నది. కాలువ లేని చోటికి నీరు మోసుకుపోవడం ఎంత కష్టమో, పారుతున్న కాలువకు ఒక తూము పెట్టుకోవడం అంత తేలిక. ఆ దర్జీ దుకాణానికి వచ్చీపోయే జనమే ఆ కాలువ.

ఇక మీరు దర్జీ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి అన్నది చాలా ముఖ్యం. శ్రావణమాసంలో వెళ్లకండి. వరలక్ష్మీవ్రతం, పెళ్లిళ్లు, దర్జీకి తల ఎత్తే తీరిక ఉండదు. ఆషాఢంలో వెళ్లండి. పెళ్లిళ్లు లేని నెల అది. మిషను కాస్త నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. మీ మాట వినడానికి ఆమెకు తీరిక ఉంటుంది, రాబోయే శ్రావణం గురించి బెంగ కూడా ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల తరువాత వెళ్లండి. ఫోనులో బొమ్మలు చూపడానికి పోకండి, చేతిలో వస్తువు పట్టుకుని వెళ్లండి. ఒక పట్టుముక్కమీద చేతి అంచు, మరొక ముక్కమీద వీపు మెడ, ఈ రెండూ చాలు. వేరేవారి డిజైను ఫోటో చూపి ఇలా కుట్టగలను అనడం కంటె, కుట్టిన ముక్క బల్లమీద పెట్టి ఇది నేను కుట్టాను అనడం వేయిరెట్లు బలమైన మాట.

పనితెలిసిన దర్జీ ఆ ముక్కను చేతిలోకి తీసుకోగానే ఏం చేస్తుందో మీకు చెప్పనా? పైవైపు ఒక్క చూపు చూసి, వెంటనే తిప్పి వెనుకవైపు చూస్తుంది. ముడులు గట్టిగా పడ్డాయా, దారాలు వేలాడుతున్నాయా, పూసల దారం వదులుగా ఉన్నదా, ఒంటికి తగిలేచోట జరీ గుచ్చుకుంటుందా, ఇవన్నీ వెనుకవైపే తెలుస్తాయి. మీ ముక్క వెనుకవైపు శుభ్రంగా ఉంటే, మీరు నోరు విప్పకముందే సగం బేరం కుదిరింది.

తరువాత ఆమె అడుగుతుంది. "ఈ చేతి అంచుకు ఎన్నాళ్లు పట్టిందమ్మా?"

"ఒక రోజు పట్టిందక్కా."

"ఎంత తీసుకుంటావు?"

ఇక్కడ వస్తుంది చిక్కు. మన పిల్లలకు మర్యాద ఎక్కువ. "మీ ఇష్టం అక్కా, మీరు ఎంతిస్తే అంత" అంటారు. ఈ మాట వినయంగానే వినబడుతుంది. అయితే ఆ దర్జీ కష్టం ఆలోచించండి. రేపు ఆమె దుకాణానికి ఒక తల్లి వచ్చి ఈ వర్కుకు ఎంతవుతుంది అని అడిగితే, అప్పటికప్పుడు ధర చెప్పవలసినది ఆమె. మీరు ధర చెప్పకపోతే ఆమె ఏం చెప్పగలదు? కాబట్టి ధర తెలిసిన పాతవారి దగ్గరికే ఆ గుడ్డ పోతుంది. మీ మర్యాదవల్ల మీ బేరం పోయింది. పూసలకు, దారానికి ఎంతయింది, నా చేతికి ఎన్ని గంటలు పట్టింది, గంటకు నాకెంత రావాలి అని ఇంట్లోనే లెక్క వేసుకుని, ఒక కాగితంమీద రాసుకుని, అడగగానే తడబడకుండా చెప్పండి. దానిమీద తన భాగం ఎంత కలుపుకోవాలో ఆమె చూసుకుంటుంది.

ధర అనగానే మరొక సంగతి చెప్పవలసి ఉంది. తొలి పని కదా, ఊరికే చేసిపెడితే పేరు వస్తుంది అని పెద్దలే సలహా ఇస్తారు. నేను దానికి ఒప్పుకోను. మన కొట్టు యజమాని పొద్దున్నే వచ్చినవాడికి బోణీ బేరం అప్పు పెట్టడు. ఆ పట్టింపులో ఎంతో వివేకం ఉంది. పేరు కోసం ఊరికే చేసిన పని ఎంత బాగున్నా, ఈ మనిషి పనికి వెల ఉన్నది అన్న సంగతిని రుజువు చేయదు. కావున వెల తగ్గించవద్దు, పని పరిమాణం తగ్గించండి. పెళ్లి రవిక అంతా ఊరికే కుట్టేకంటె, చిన్నపిల్ల పరికిణీ జాకెట్టుకు చేతుల అంచు మాత్రమే పూర్తి వెలకు కుట్టడం మేలు. దర్జీకి కూడా అదే క్షేమం. చిన్న పనిలో మీ చేయి తెలుస్తుంది, పాడైనా పెద్ద నష్టం ఉండదు. మరి మేనత్త కూతురి పెళ్లికి కుట్టిపెట్టమంటే? తప్పక కుట్టిపెట్టండి. అది ప్రేమతో చేసిన పని. దానిని బేరాల లెక్కలో కలపకండి.

ఒప్పుకున్న పనికి కొంత బయానా పుచ్చుకోండి. పూసలు, జరీ మీ డబ్బుతో కొని తరువాత ఎదురుచూడడం మొదటి నెలలో మీకు శక్తికి మించిన పని. గుడ్డ ఎవరిది, ఏ రంగు, ఏ డిజైను, ఎన్నాళ్లకు ఇవ్వాలి, ఎంత వెల, ఎంత ముట్టింది, ఈ సంగతులు ఒక నోటుపుస్తకంలో రాసి, ఆమెకు చూపి, ఆమె సరేనన్న తరువాతనే గుడ్డ చట్రానికి బిగించండి. చెప్పిన రోజుకు ఒక పూట ముందే తీసుకువెళ్లండి. మిగిలిన పూసలు చిన్న పొట్లంలో కట్టి గుడ్డతో పాటు ఇవ్వండి, ఎప్పుడైనా ఒకటి ఊడితే పనికి వస్తాయి. ఒకటి మాత్రం ఎన్నడూ చేయరాదు. ఆ దర్జీ దుకాణంలో పరిచయమైన గిరాకీని, ఆమెకు తెలియకుండా, నేరుగా మా ఇంటికి రండి, తక్కువకు చేస్తాను అని పిలవరాదు. అట్లా లాక్కున్న గిరాకీ ఒకటి వస్తుంది, దానివెనుక రావలసిన ఇరవై పోతాయి.

ఒక దర్జీ వద్దనవచ్చు. అప్పుడు నొచ్చుకుని తిరిగి రాకండి. ఎందుకు వద్దన్నదో మర్యాదగా అడగండి. కుట్టు బరువుగా ఉన్నదా, ధర ఎక్కువైనదా, లేక ఆమెకు పాతవారు ఉన్నారా? మొదటి రెంటికీ మీ చేతిలో మందుంది. మూడవదానికి, మరొక దుకాణం ఉంది.

ఇదంతా మగ్గం పనికే పరిమితం అనుకోకండి. మీరు బొమ్మలు వేసి, అక్షరాలు దిద్దే మనిషి అయితే, మీ వీధి చివర ఆవకాయ పెట్టి అమ్మే ఆవిడను చూడండి. తెలిసినవారి ఇళ్లకు ఇచ్చినంత కాలం సీసామీద ఏ చీటీ లేకపోయినా ఆమెకు జరిగిపోయింది. దుకాణంలో పెట్టాలంటే చీటీ లేనిదే దుకాణదారులు తీసుకోరు. ఆ చీటీమీద సరుకు పేరు ఉండాలి, దినుసుల పేర్లు ఉండాలి, తూకం ఉండాలి, తయారైన తేది ఉండాలి, ఆహార లైసెన్సు సంఖ్య ఉండాలి. ఇవన్నీ తెలుసుకుని, ఇవన్నీ ఇమిడేటట్లు ఒక చీటీ గీసి, ఆమె పెట్టిన ఆవకాయ సీసాకే అంటించి ఆమె ముందు పెట్టండి. మీ చిత్రకళను గురించి ఆమెకు ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. ఆగిన ఆమె పని ఆ క్షణాన్నే కదులుతుంది. ఫోటోలు తీసేవారైనా, పందిళ్లు అలంకరించేవారైనా, చెక్కబొమ్మలు చేసేవారైనా ఇదే ప్రశ్న వేసుకోండి. నా పని లేక ఎవరి పని ఆగిపోతున్నది?

ఇక చివరగా, ఈ ప్రసంగం వింటున్నవారిలో కొత్తగా పని మొదలుపెట్టినవారే కాక దర్జీలు ఉన్నారు, చిన్న దుకాణదారులు ఉన్నారు, పుస్తకాలు అచ్చువేసేవారు ఉన్నారు, పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సు యజమానులు ఉన్నారు. వారికి నాదొక ప్రార్థన. ఒక పిల్లవాడో, ఒక అమ్మాయో తన చేతిపని ముక్క పట్టుకుని మీ దుకాణం మెట్టెక్కితే, రేపు రా అని పంపివేయకండి. ఆ ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. పని బాగుంటే, ఎంత చిన్నదైనా సరే ఒక పని ఇచ్చి, దానికి తగిన డబ్బు ఆనాడే చేతిలో పెట్టండి. బాగుండకపోతే, ఎక్కడ బాగుండలేదో వేలు పెట్టి చూపి పంపండి. మీకు పట్టేది పది నిమిషాలు.